నూరు పాళ్ల రాయి, యాభై ఆరు పాళ్ల సున్నం

తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయానికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, రెండు గోపురాలు అసంపూర్తిగా నిలిచిపోయాయి. 15వ శతాబ్ది చివర మొదలై 16వ శతాబ్ది తొలి ఏళ్లలో, పెమ్మసాని నాయకుల కాలంలో లేచిన గుడి ఇది. భారతీయ వాస్తుకళ చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గూసన్ 19వ శతాబ్దిలోనే ఈ గోపురాల చెక్కడాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. విజయనగర కాలపు గోపురానికి ఒక పద్ధతి ఉంది. కింది భాగమంతా రాయి. దానిమీద లేచే అంతస్తులు ఇటుక, సున్నం. ఆ అంతస్తుల మీది బొమ్మలు గచ్చుతో తీర్చినవి. బుగ్గ గుడి గోపురాల్లో రాతిపని కళ్లు చెదిరేలా ఉంది, పై భాగం మాత్రం లేదు. శిల్పి ఉలి పక్కన పెట్టాక తాపీవాడు సున్నం తట్ట ఎత్తుకోవలసిన చోట పని ఆగిపోయింది.

ఆ సున్నానికి ముడిసరుకు కోసం ఈ ప్రాంతం వాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. తాడిపత్రి చుట్టూ నేల కింద సున్నపురాయి విస్తారంగా ఉంది. పొరలుగా ఊడి వస్తే బండ. బట్టీలో కాలిస్తే సున్నం. కొలిమిలో మట్టితో కలిపి మరింత వేడి చేస్తే సిమెంటు. ఒకే రాయి మీద మూడు వృత్తులు నిలబడ్డాయి. ఆ మూడింటి వెనుకా ఒకే లెక్క ఉంది. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కనిపించకుండా పోతాయి. బడి పిల్లలు మోల్ లెక్కలుగా చేసేది ఇదే. చేతికొచ్చిన 56 పాళ్లతో ఊళ్లు గుళ్లు కట్టాయి, ఇళ్లు కట్టాయి, వ్యాపారం చేశాయి. చేజారిన 44 పాళ్లు ఏమిటో తెలియడానికి రసాయన శాస్త్రం రావలసి వచ్చింది. అవి ఎక్కడికి పోతున్నాయన్న పట్టింపు ఇప్పుడిప్పుడే మొదలైంది.

అనంతపురానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న తాడిపత్రి పేరు భూగర్భ శాస్త్రం చదివేవాళ్లకు మొదట ఊరి పేరుగా కాక రాతి పేరుగా పరిచయమవుతుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన పెద్ద గ్రంథం 1872లో అచ్చయింది. ఈ ప్రాంతపు రాళ్ల వరసను శాస్త్రీయంగా కట్టిన తొలి పని అది. కడప శిలల్లో ఒక అంతస్తును నేటికీ తాడిపత్రి పేరుతోనే పిలుస్తారు. దానికి కింద వేంపల్లె డోలమైట్లు ఉంటాయి. పైన, మరింత తర్వాతి కాలానికి చెందిన కర్నూలు శిలల్లో, కడప జిల్లా నార్జి గ్రామం పేరు మోసే సున్నపురాయి ఉంటుంది. సిమెంటు కంపెనీల కన్ను పడింది ఈ నార్జి రాయి మీదే. డోలమైటుకూ నార్జి రాయికీ పైకి కనిపించే తేడా తక్కువ. లోపలి తేడా ఎంతటిదో తర్వాత చూద్దాం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అనంతపురం. వేరుశనగ చేతికొచ్చిన ఏడు ఇల్లు గడుస్తుంది, రాని ఏడు కూలి వెతుక్కోవాలి. అలాంటి చోట రాతి గని చాలా కుటుంబాలకు రెండో పొలమైంది. సున్నపురాయి పొరలు పొరలుగా పేరుకున్న రాయి కాబట్టి, గునపం మొన సరైన సందులో పడితే మందపాటి పలకలా లేచి వస్తుంది. ఆ పలకలే నాపరాళ్లు, ఊరి పేరు మీద తాడిపత్రి బండలు. 1871లో మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు మార్గం పూర్తయ్యాక తాడిపత్రి ఆ దారిలో ఒక స్టేషన్ అయింది. బరువైన సరుకుకు ఎద్దుల బండి కాక మరో దారి దొరికింది. గత శతాబ్ది రెండో సగంలో కోత యంత్రాలు, పాలిష్ యంత్రాలు వచ్చాయి. నల్లటి, బూడిద రంగు బండలు తెలుగు దేశంలో లెక్కలేనన్ని ఇళ్లకు నేల అయ్యాయి.

బండ కొట్టేవాళ్లకు రాతి పొర ముఖ్యం. సున్నం కాల్చేవాళ్లకు రాతి తూకం ముఖ్యం.

రాయలసీమ పల్లెల్లో సున్నపు బట్టీ ఒకప్పుడు అందరూ ఎరిగినదే. రాయి లేని చోట నల్లరేగడి చేలలో దొరికే సున్నపు గుళికలు ఏరి కాల్చేవారు. కోస్తాలో గుల్లలు కాల్చి గుల్ల సున్నం తీసేవారు. బట్టీలో ఒక వరస రాయి, ఒక వరస కట్టెలో బొగ్గో పేర్చి నిప్పు పెడతారు. రాయి విడిపోవాలంటే వేడి 900 డిగ్రీల దాకా పోవాలి. బాగా కాలిన రాయికి ఆకారం మారదు, బరువు మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ముక్కను చేతిలోకి తీసుకోగానే పని తెలిసినవాడికి సంగతి అర్థమవుతుంది. ఇంకా బరువుగా ఉందంటే నడిమి గుండె కాలలేదని లెక్క. నీళ్లు చల్లితే మిగతా నిజం బయటపడుతుంది. కాలిన భాగం బుసలు కొడుతూ పగిలి పిండి అవుతుంది, కాలని గుండె గులకరాయిలా మిగిలిపోతుంది.

ఆ బుసలకూ లెక్క ఉంది. 56 కిలోల పొడిసున్నం 18 కిలోల నీళ్లను తనలో కలుపుకుని 74 కిలోల తడిసున్నం అవుతుంది. ఒక కిలో పొడిసున్నం తడిసేటప్పుడు పుట్టే వేడి మూడు లీటర్లకు పైగా నీళ్లను మరిగించగలదు. కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి లెక్క చెప్పినదానికన్నా ఎక్కువే పోయాలి. తడిసిన సున్నాన్ని ఇసుకతో కలిపి, గుండ్రటి కాలువలో రాతి చక్రం కింద ఎద్దులతో తొక్కిస్తే డంగు సున్నం తయారవుతుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం తాపీవాళ్ల సొంత విద్య. గోడకు పూసిన తర్వాత అసలు పని మొదలవుతుంది. 74 పాళ్ల తడిసున్నం గాలిలోంచి 44 పాళ్ల కార్బన్ డయాక్సైడును మెల్లగా తీసుకుని, 18 పాళ్ల నీటిని వదిలేసి, తిరిగి 100 పాళ్ల సున్నపురాయిగా మారుతుంది. బట్టీలో పోయినదాన్ని గోడ తిరిగి తెచ్చుకుంటుంది. పాత గచ్చు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడటానికి కారణం ఇదే.

తాపీవాళ్లకు తరతరాలుగా తెలిసిన ఈ పనిని మొదట త్రాసులో పెట్టి తూచినవాడు స్కాట్లండ్ వైద్యుడు జోసెఫ్ బ్లాక్. మూత్రాశయంలో రాళ్లకు సున్నపు నీరు మందుగా వాడే రోజులవి. ఏ రాతి నుంచి తీసిన సున్నం మంచిదని ఎడింబరోలో పెద్దల మధ్య వాదం నడుస్తోంది. బ్లాక్ ఆ వాదంలోకి దిగకుండా తూకం పట్టుకున్నాడు. 1756లో అచ్చయిన అతని వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. 120 గ్రెయిన్ల సుద్దను కాలిస్తే 68 గ్రెయిన్ల సున్నం మిగిలింది. ఆ సున్నాన్ని క్షార లవణం కలిపిన నీళ్లలో వేసి, కడిగి ఆరబెడితే 118 గ్రెయిన్లు తూగింది. అంటే పోయిన బరువు దాదాపుగా తిరిగొచ్చింది. కాలినప్పుడు రాయిలోకి అగ్ని చొరబడి దానికి ఘాటు ఇస్తుందని అప్పటిదాకా పండితులు నమ్మేవారు. ఏదీ లోపలికి పోలేదని, లోపల బంధించి ఉన్న ఒక గాలి బయటికి పోయిందని బ్లాక్ రుజువు చేశాడు. అదే మనం ఇవాళ కార్బన్ డయాక్సైడ్ అంటున్నది. నేటి లెక్క ప్రకారం 120 గ్రెయిన్లకు 67.2 గ్రెయిన్ల సున్నం రావాలి. పరమాణువుల ఊసే లేని రోజుల్లో అతని త్రాసు ఒక్క గ్రెయిన్ కూడా తప్పలేదు.

ఎంత అన్నది తేలింది. ఎందుకంతే అన్నది తేలడానికి మరో నూరేళ్లు పట్టింది. జాన్ డాల్టన్ 1808లో తన పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చాడు. ఒక్కో మూలకం పరమాణువుకు ఒక్కో బరువు ఉంటుందన్నాడు. 1811లో అవొగాడ్రో, ఒకే వేడిమి, ఒకే పీడనం ఉన్నప్పుడు సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని ప్రతిపాదించాడు. దాన్ని చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఈలోగా రసాయన శాస్త్రవేత్తల మధ్య పరమాణు భారాల మీద పేచీ ముదిరింది. కొందరికి కార్బన్ 6, ఆక్సిజన్ 8. మరికొందరికి కార్బన్ 12, ఆక్సిజన్ 16. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూహ్ సభలో ఇటలీకి చెందిన కన్నిజారో పాత అవొగాడ్రో సూత్రాన్ని ముందు పెట్టి చిక్కు విప్పాడు. ఈ గొడవలో సున్నపురాయి మాత్రం ఏమీ నష్టపోలేదు. పాత లెక్కలో అది 50 పాళ్లు, సున్నం 28, గాలి 22. కొత్త లెక్కలో 100, 56, 44. అంకెలు రెట్టింపయ్యాయి, వాటి మధ్య నిష్పత్తి చెక్కుచెదరలేదు.

మోల్ అనే కొలతను 1890ల్లో విల్‌హెల్మ్ ఓస్ట్వాల్డ్ వాడుకలోకి తెచ్చాడు. 1971లో అది అంతర్జాతీయ ప్రమాణాల్లో మూల ప్రమాణంగా చేరింది. 2019 మే 20 నుంచి దాని నిర్వచనం ఒక కచ్చితమైన సంఖ్య మీద నిలబడింది. 6.02214076 × 10²³ కణాలు ఉంటే ఒక మోల్. బ్యాంకులో చిల్లర నాణేలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టకుండా తూచి ఎన్నో చెప్పినట్టే, లెక్కపెట్టలేని పరమాణువులను తూకం ద్వారా లెక్కించే ఉపాయం ఇది. ఒక మోల్ పదార్థం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని మోలార్ ద్రవ్యరాశి. కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు కలిపి 48. మొత్తం 100. ఇంత నిండు అంకె రసాయన శాస్త్రంలో అరుదుగా దొరుకుతుంది. తాడిపత్రి రాయికి ఆ అదృష్టం దక్కింది.

ఒక బండను తీసుకుని చూద్దాం. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం. దాని ఘనపరిమాణం సుమారు 9.4 లీటర్లు. సున్నపురాయి నీటికన్నా 2.7 రెట్లు బరువు కాబట్టి బండ 25 కిలోలు తూగుతుంది. అంతా శుద్ధమైన కాల్షియం కార్బొనేటే అయితే అది 25,000 గ్రాములు, 100తో భాగిస్తే 250 మోల్‌లు. కానీ గనిలో దొరికే రాయి ఎప్పుడూ శుద్ధం కాదు, అందులో ఇసుక, బంకమట్టి కలిసి ఉంటాయి. నూటికి 85 పాళ్లే కార్బొనేట్ అనుకుంటే లెక్క 212 మోల్‌లకు దిగుతుంది. ఒక్కో మోల్‌లో 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ బంధించి ఉంది. అంటే వరండాలో పరిచిన ఆ ఒక్క బండలో 9 కిలోలకు పైగా వాయువు రాయిగా గడ్డకట్టి ఉంది. బండగా ఉన్నంత కాలం అది కదలదు.

దాన్ని పెద్ద ఎత్తున కదిలించింది సిమెంటు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1904లో మద్రాసులో ఒక ప్రయత్నం జరిగి నిలవలేదు. 1914లో పోరుబందరులో పరిశ్రమ నిలదొక్కుకుంది. తాడిపత్రికి సిమెంటు రావడానికి కారణం రాయి ఒక్కటే కాదు, ఢిల్లీలో మారిన నిబంధన కూడా. సిమెంటు ధర, పంపిణీల మీద ప్రభుత్వ నియంత్రణ 1982లో కొంత, 1989 మార్చిలో పూర్తిగా తొలగిపోయింది. దాంతో రాయి ఎక్కడ ఉంటే అక్కడ ఫ్యాక్టరీ పెట్టే ఉత్సాహం వచ్చింది. 1991లో మొదలైన పెన్నా సిమెంట్స్ తన తొలి ఫ్యాక్టరీని తాడిపత్రి దగ్గర తలారిచెరువులో 1994లో నడిపించింది. ఆ దశాబ్దంలోనే భోగసముద్రంలో ఎల్ అండ్ టి ఫ్యాక్టరీ లేచింది. 2004లో ఆ సిమెంటు వ్యాపారం చేతులు మారి అల్ట్రాటెక్ అయింది. 2024లో పెన్నాను అదానీల అంబుజా సిమెంట్స్ కొనుక్కుంది.

బట్టీవాడు చేత్తో తూచి చెప్పినదాన్ని సిమెంటు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో గ్రాములో వెయ్యోవంతు దాకా తూస్తారు. గని నుంచి వచ్చిన రాతి పొడిని ఒక గ్రాము మూసలో వేసి, 950 డిగ్రీలు దాటిన కొలిమిలో ఉంచి, చల్లార్చి మళ్లీ తూస్తారు. ఎంత తగ్గిందో చూస్తారు. శుద్ధమైన సున్నపురాయి అయితే 0.44 గ్రాము తగ్గాలి. 0.36 తగ్గితే కార్బొనేట్ సుమారు 82 పాళ్లని ఒక్క భాగహారంతో తేలిపోతుంది. తేమ లేని రాయిలో తగ్గుదల 0.44 దాటిందంటే మాత్రం రసాయనవేత్త కనుబొమ్మలు ముడుచుకుంటాయి. కాల్షియం పక్కన మెగ్నీషియం చేరిందన్న అనుమానం అది.

వేంపల్లె డోలమైట్ల కథ ఇక్కడ కలుస్తుంది. డోలమైటు మోలార్ ద్రవ్యరాశి 184. దానిలో రెండు కార్బన్ డయాక్సైడ్‌లు, అంటే 88 పాళ్లు ఉంటాయి. కాలిస్తే నూటికి 47.8 పాళ్లు పోతాయి. తేడా నాలుగు పాళ్లే అయినా పర్యవసానం పెద్దది. సిమెంటులో మిగిలిపోయిన మెగ్నీషియం ఆక్సైడ్ ఏళ్ల తరబడి నెమ్మదిగా నీరు పీల్చి ఉబ్బుతుంది, కట్టిన గోడను లోపలి నుంచి పగలగొడుతుంది. అందుకే మామూలు సిమెంటులో అది 6 శాతం మించకూడదని భారత ప్రమాణాలు కట్టడి చేశాయి. గని దగ్గర భూగర్భవేత్త చల్లటి సజల హైడ్రోక్లోరికామ్లం చుక్క వేసి చూసేదీ ఇందుకే. సున్నపురాయి చురుగ్గా పొంగుతుంది, డోలమైటు అంత తొందరగా పలకదు.

ఆ 100 అనే అంకె తాడిపత్రివాళ్ల తాగునీటిలో కూడా ఉంది. రాళ్ల సందుల్లోంచి ఊరే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బిందె అడుగున తెల్లటి పొర కడుతుంది. నీటి కఠినత్వాన్ని సాధారణంగా కాల్షియం కార్బొనేట్ మిల్లీగ్రాముల్లో చెబుతారు. లీటరుకు 200 దాకా మంచిదని, మరో దారి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం. పరీక్షలో కాల్షియంను పట్టుకోవడానికి వాడే ఇ.డి.టి.ఎ. ద్రావణాన్ని లీటరుకు నూరోవంతు మోల్ గాఢతతో తయారు చేసుకుంటారు. అప్పుడు ఒక మిల్లీలీటరు ద్రావణం సరిగ్గా ఒక మిల్లీగ్రాము కార్బొనేటుకు సమానమవుతుంది. గొట్టం మీద గీత చదివితే చాలు, వేరే గుణకారం అక్కర్లేదు. ఆ సదుపాయం వచ్చింది మోలార్ ద్రవ్యరాశి నూరు కావడం వల్లే.

ఇక 44 సంగతి. సిమెంటుకు మూలమైన క్లింకర్‌ను 1,450 డిగ్రీల వేడిలో తయారు చేస్తారు. దానిలో సుమారు 65 పాళ్లు కాల్షియం ఆక్సైడ్ ఉంటుంది. ఒక టన్ను క్లింకర్‌లో ఉండే 650 కిలోల ఆక్సైడ్ రావాలంటే 1,160 కిలోల శుద్ధ కార్బొనేట్ కావాలి. నూటికి 80 పాళ్ల రాయి అయితే 1,450 కిలోలు తవ్వాలి. అందులోంచి గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్ 510 కిలోలు. ఇది కేవలం రాతిలోంచి వచ్చేది. కొలిమిలో మండే బొగ్గు పొగ లెక్క వేరు. వాతావరణ మార్పుల మీద పనిచేసే ప్రపంచ శాస్త్రవేత్తల బృందం దేశాల ఉద్గారాలు లెక్కగట్టడానికి ఇచ్చిన సూత్రంలోనూ ఇదే 0.51 కనిపిస్తుంది. కొలిమిని సౌర విద్యుత్తుతో వేడి చేసినా ఈ 510 కిలోలు తగ్గవు. అవి ఇంధనానివి కావు, రాతివి. కాంక్రీటు కూడా పాత గచ్చులాగే కొంత వాయువును తిరిగి పీలుస్తుంది. కానీ చాలా నెమ్మదిగా, పైపైనే.

తగ్గించగలిగింది క్లింకర్ వాటానే. తాడిపత్రి చుట్టుపక్కల అందుకు కావలసిన సరుకు ఉంది. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బొగ్గు బూడిద, అంటే ఫ్లైయాష్, లారీల్లో ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకు చేరుతోంది. తాడిపత్రిలోనే ఉక్కు కర్మాగారం ఉంది. కొంతకాలం బ్రెజిల్ కంపెనీ గెర్డావ్ చేతుల్లో ఉండి తర్వాత అర్జాస్ స్టీల్ అయింది. బ్లాస్ట్ ఫర్నేసులో 56 పాళ్ల సున్నం 60 పాళ్ల ఇసుకను పట్టుకుని 116 పాళ్ల చిట్టెంగా పైకి తేలుతుంది. ఆ చిట్టెం సరిగ్గా చల్లారిస్తే సిమెంటులో కలపడానికి పనికొస్తుంది.

ఈ మార్పును 50 కిలోల బస్తా మీద లెక్కేస్తే తేడా కళ్లకు కడుతుంది. మామూలు సిమెంటు బస్తాలో 47 కిలోలకు పైగా క్లింకరే. రాతిలోంచి పోయిన వాయువు 24 కిలోలు. ఫ్లైయాష్ 30 పాళ్లు కలిపి క్లింకర్‌ను 65 పాళ్లకు దించితే 16.6 కిలోలు. ఐ.ఐ.టి. ఢిల్లీ, ఐ.ఐ.టి. మద్రాస్, స్విట్జర్లండ్, క్యూబా పరిశోధకులు కలిసి తీర్చిదిద్దిన కొత్త రకం సిమెంటులో క్లింకర్ సగమే ఉంటుంది. మిగతాది కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి, కొద్దిగా జిప్సం. దానిలో రాతి వాయువు 13 కిలోల లోపే. కాల్చకుండా పొడి కొట్టి కలిపే ఆ సున్నపురాయికి క్లింకర్‌కు కావలసినంత స్వచ్ఛత అక్కర్లేదు, కాస్త డోలమైటు కలిసినా పనికొస్తుంది. మంచి రాయి కోసం తవ్వుతూ గనివాళ్లు పక్కన పోసిన నాసిరకం రాయికి ఇక్కడ చోటుంది. బస్తాలో 15 పాళ్లు అలాంటి పొడి వేస్తే ఏడున్నర కిలోల రాయి. అది శుద్ధమైనదైతే 3.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోకుండా రాయిగానే గోడలోకి చేరుతుంది.